బోహెడ్ తిమింగల పరిరక్షణము – ఇనూపియాట్ల సంప్రదాయ జ్ఞానము

ఉత్తర అలాస్కా తీరవాసులగు ఇనూపియాట్ జనుల ఆహారమునకును, సంఘజీవనమునకును బోహెడ్ తిమింగలము మూలాధారము. 1977లో అంతర్జాతీయ తిమింగల వేట సంఘము, ఈ జాతి మిక్కిలి క్షీణించినదని తలంచి, వేట నిషేధమునుండి వారికిగల మినహాయింపును తొలగింపగా, వేటగాండ్రు ఆ యేటనే అలాస్కా ఎస్కిమో తిమింగల వేట సంఘమును స్థాపించుకొని, మంచుపగుళ్ల యంచున నిలిచి కంటికి గానవచ్చినవానినే లెక్కించుట చాలదనియు, తిమింగలములు బలిష్ఠమగు శిరస్సుతో మంచుపలకను క్రిందినుండి పైకెత్తి పగులగొట్టి, ఆ సందున శ్వాసించి, మఱల మంచు క్రిందనే సాగిపోవుననియు వాదించిరి. 1980వ దశకమున ఆ తీరమునగల బారో పట్టణ సమీపమున శాస్త్రజ్ఞులు నీటిలోనికి దింపిన హైడ్రోఫోనులు మంచు క్రింద సాగు తిమింగలముల ధ్వనులను పట్టి యిచ్చినవి; వాని సంఖ్య తొలి యంచనాకు ఎన్నో రెట్లని తేలినది. అనుభవజ్ఞుల మాటను పరీక్షకు నిలిపిన శాస్త్రజ్ఞుల సౌజన్యము ప్రశంసనీయము. 1981నాటి యొడంబడిక ననుసరించి, వేట నిర్వహణమున అమెరికా ప్రభుత్వముతోపాటు అలాస్కా వేటగాండ్ర సంఘమునకును అధికారము కలదు. తీరమున గడ్డకట్టిన మంచు పలుచబడుచున్న యీ కాలమున, వసంతకాలపు వేటకు త్రోవ యేర్పఱచునపుడు ఆ మంచు దార్ఢ్యమును నిర్ణయించువారును ఇనూపియాట్ పెద్దలే.