తీగ అందని చోటి యంత్రం

అమెరికాలో కరెంటు పోదంటారు, మరి అక్కడివాళ్ళు సెలవులకు పోతూ జనరేటర్ మోసుకుపోవడం ఎందుకని మదనపల్లె నుంచి మా చిన్నాయన అడిగారు. దీనికి జవాబు చెప్పాలంటే ఈ దేశపు పల్లెల్లో కరెంటు లేని రోజుల దాకా వెనక్కి పోవాలి. 1930ల నడిమికి ఇక్కడి పట్నాల్లో పదిళ్ళలో తొమ్మిదింటికి కరెంటు ఉండేది. సేద్యగాళ్ళ ఇళ్ళలో పదింటికి ఒక్కదానికే. మైలు పొడవునా స్తంభాలు నాటినా నాలుగిళ్ళు తగలని చోటికి తీగ లాగితే గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు ఆ వైపు పోలేదు.

స్తోమత ఉన్న రైతు మాత్రం కరెంటును ఇంటి దగ్గరే పుట్టించుకున్నాడు. కారుకు సెల్ఫ్ స్టార్టర్ తయారుచేసిన ఛార్లెస్ కెటరింగ్ 1916లో ఒహాయో రాష్ట్రం డేటన్ నుంచి డెల్కో-లైట్ అనే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చాడు. చిన్న ఇంజను, దాని పక్కన గాజు జాడీల్లో బ్యాటరీల వరుస, 32 వోల్టుల కరెంటు. ఇంటి దీపాలకూ నీళ్ళ పంపుకూ సరిపోయేది. కిరోసిన్‌తోనూ నడిచేది. 1990ల్లో మన బజార్లలో అంగళ్ళ ముందు కిరోసిన్ వాసనతో తిరిగిన చిన్న శ్రీరామ్ హోండా జనరేటర్లను చూసినవాళ్ళకు ఇది తెలిసిన కథే.

1935 మే నెలలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను ఏర్పాటు చేశాడు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. రైతులు సహకార సంఘాలు పెట్టుకుని, ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకుని, తీగలు తామే వేయించుకున్నారు. 1950ల మధ్యకు దాదాపు ప్రతి సేద్యగాడి ఇంటికీ కరెంటు చేరింది. ఆ సంఘాల జాతీయ సమాఖ్య సాయంతోనే మన దేశంలో ప్రయోగాత్మకంగా అయిదు విద్యుత్ సహకార సంఘాలు మొదలయ్యాయి. వాటిలో సిరిసిల్ల ఒకటి. తర్వాత అదే నమూనాలో 1980ల మొదట్లో కుప్పం సంఘం వచ్చింది, కుప్పంవాళ్ళు రెస్కో అని పిలిచేది దాన్నే. అమెరికా చరిత్రలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే ఘట్టం ఇదే. చంద్రుడి మీదికి పోయిన కథ కూడా నా లెక్కలో దీని తర్వాతే.

తీగ వచ్చాక జనరేటర్ పొలం విడిచి బండెక్కింది. 1956లో ఐసెన్‌హోవర్ కాలంలో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. 1966 నుంచి అయోవా రాష్ట్రంలో విన్నెబాగో కంపెనీ మోటార్ హోములు చేయసాగింది. పడక, పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్, ఏసీ అన్నీ లోపలే ఉండే ఈ బండ్లను ఇక్కడ ఆర్వీ అంటారు. జాతీయ పార్కుల్లో బండి నిలుపుకునే చోట్ల చాలావాటికి కరెంటు ఉండదు. కేంద్ర ప్రభుత్వ బీడు భూముల్లో సాధారణంగా 14 రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు. అక్కడ నీళ్ళు కూడా మనవే, కరెంటు కూడా మనదే.

ఇక్కడే పొరుగువాడి నిద్ర ప్రశ్న వచ్చింది. జాతీయ పార్కుల్లో 50 అడుగుల దూరానికి 60 డెసిబెల్స్ దాటే యంత్రం నడపకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. యోసెమిటీలో జనరేటర్‌కు ఉదయం రెండు గంటలు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు, అంతే. ఇలాంటి చోట్ల గోల చేయని యంత్రానికి గిరాకీ పెరిగింది.

మామూలు జనరేటర్ ఒక్క బల్బు వేసినా నిమిషానికి 3,600 చుట్లు తిరగాల్సిందే, లేకపోతే 60 హెర్ట్జ్ నిలవదు. మన దేశంలో 50 హెర్ట్జ్ కాబట్టి 3,000. ఇన్వర్టర్ జనరేటర్ పుట్టిన కరెంటును ముందు డీసీ చేసి, మళ్ళీ ఏసీగా మలుస్తుంది. అందుకని లోడు తగ్గితే ఇంజను వేగాన్నీ తగ్గించుకోగలదు. శబ్దం తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. హోండా ఈయూ2200ఐ బరువు 21 కిలోలు. ఒంటి చేత్తో ఎత్తొచ్చు. పావు లోడు మీద ఎనిమిది గంటలు నడుస్తుంది, పూర్తి లోడు మీద మూడు గంటల పైచిలుకు.

పేరులోని 2,200 వాట్లు కొద్దిసేపటికే. నిలకడగా ఇచ్చేది 1,800. కొనేవాళ్ళు అడగాల్సింది ఈ రెండో అంకె. ఆర్వీ పైకప్పు మీది ఏసీకి నడిచేటప్పుడు సుమారు 1,500 వాట్లు చాలు, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మాత్రం దాదాపు రెట్టింపు లాగుతుంది. అందుకే కొందరు రెండు చిన్న జనరేటర్లను జత కలుపుతారు, కొందరు ఏసీకి ఆ మొదటి లాగుడును తగ్గించే సాఫ్ట్ స్టార్టర్ పెట్టిస్తారు. ఎత్తు సంగతి ఇంకొకటి. ప్రతి 300 మీటర్లకూ గాలి పలచబడి శక్తి సుమారు మూడున్నర శాతం తగ్గుతుంది. కొలరాడో కొండల్లో 2,400 మీటర్ల దగ్గర 1,800 వాట్ల యంత్రం 1,300కు పడిపోతుంది. మదనపల్లెలో ఎనిమిది శాతం దాకా, హార్స్‌లీ హిల్స్ మీద పదిహేను శాతం దాకా తగ్గుతుందని మనమూ లెక్క వేసుకోవాలి.

ఇక్కణ్ణుంచి ఒకటి పంపమని అడిగేవాళ్ళకు ఒక మాట: ఇక్కడి జనరేటర్ ఇచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన ఇంటి ఫ్యానుకూ మోటరుకూ అది పనికిరాదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది పొగ గురించి. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ఇన్ని నిబంధనలున్న ఈ దేశంలోనే పోర్టబుల్ జనరేటర్ల పొగకు ఏటా వందమంది దాకా చనిపోతున్నారు. చాలామంది వర్షానికి తడుస్తుందనో, దొంగలు ఎత్తుకుపోతారనో దాన్ని ఇంట్లోనో గ్యారేజీలోనో పెట్టినవాళ్ళు. కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం అవతలి వైపుకు తిప్పి పెట్టాలని ఇక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ చెబుతుంది. కొత్త యంత్రాల్లో చాలావాటికి ఆ వాయువు పెరిగితే తామే ఆగిపోయే సెన్సరు ఉంది. అంగడి షట్టర్ లోపల, మెట్ల కింద, కల్యాణ మండపం వెనక గదిలో జనరేటర్ పెట్టే మనవాళ్ళు ఈ ఒక్కటైనా మార్చుకోవాలని వేడుకుంటున్నాను.

శబ్దానికి మన దగ్గరా నియమం ఉంది. డీజిల్ జనరేటర్ తొడుగుతోనే రావాలి, మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకు సీరియల్ లైట్ల కోసం జనరేటర్ బాడుగకు మాట్లాడే కమిటీవాళ్ళు ధరతో పాటు తొడుగు ఉందా అని అడగవచ్చు. పసిపిల్లలు, ముసలివాళ్ళు ఉన్న ఇళ్ళకు దాన్ని ఎంత దూరంలో పెడతారో ముందే తేల్చుకోవచ్చు.