ర్యాంప్ దిగి చూడండి

అడుగు చూసుకుని వేయండి. ఈ వాలు కార్ల కోసం కట్టింది, సిమెంటు నున్నగా ఉంది. బ్రోకరు కుర్రాడు ఫోన్లో మాట్లాడుతూనే గబగబా దిగిపోతున్నాడు. మీరు గోడ పట్టుకుని వెనకాలే వెళ్తున్నారు. గోడ మీద పసుపు రంగు బాణం లోపలికి దారి చూపిస్తోంది. నాలుగడుగుల తర్వాత నేల మీద ఇంకో బాణం. అది తిన్నగా వెళ్ళి ఒక షట్టరు కింద ఆగిపోయింది.

షట్టరు లోపల బట్టల కొట్టు. దాని పక్కన సెలూను, ఆ పక్కన ఏదో గోడౌను. గోడౌను గుమ్మంలో బియ్యం బస్తాలు, వాటి వెనక స్తంభం. వంగి చూడండి, బస్తాల సందులోంచి తెల్ల పెయింటుతో రాసిన అక్షరం, అంకె కనిపిస్తాయి. పి-14. ఒకప్పుడు ఇది పద్నాలుగో కారు నిలిపే చోటు.

"కారు ఎక్కడ పెట్టుకోవాలి?" అని అడుగుతారు.

"రోడ్డు మీద పెట్టుకోవచ్చు అంకుల్. ఇక్కడ అందరూ అంతే."

అందరూ అంతే. నిజమే. జంషెడ్‌పూర్‌లో బిష్టుపూర్ మెయిన్ రోడ్డు మీద సాయంత్రం నడిచి చూడండి, సాక్చి బజారు వైపు వెళ్ళి చూడండి. కింద కొట్లు, మధ్యలో హోటలు, పైన ఫ్లాట్లు ఉన్న భవనాలు వరసగా కనిపిస్తాయి. కార్లు మాత్రం రోడ్డు మీదే ఉంటాయి. ఇప్పుడు మీరు నిలబడ్డ భవనానికి పేరు పెట్టడం అనవసరం. ఇలాంటిది మీ పక్క వీధిలోనే ఉంటుంది.

మీ జేబులో చెక్కుబుక్కు ఉంది. రిటైరయ్యారు. టాటా కంపెనీ క్వార్టరు అప్పజెప్పాలి. కదమాలో మీరు పాతికేళ్ళున్న ఇల్లు, మీ ఆవిడ నాటిన జామచెట్టుతో సహా, ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఊరికి పోదామంటే శ్రీకాకుళంలో ఎవరున్నారు? పిల్లలు పుట్టిందిక్కడ, స్నేహితులంతా ఇక్కడ, బిష్టుపూర్ రామమందిరంలో శ్రీరామనవమి చేసుకునేది ఇక్కడ. ప్రావిడెంట్ ఫండ్ డబ్బు బ్యాంకులో పడింది. ఈ రాత్రిలోగా టోకెన్ అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకో పార్టీ రెడీగా ఉందంటున్నాడు కుర్రాడు.

లిఫ్టు ఎక్కండి.

మొదటి అంతస్తులో తలుపు తెరుచుకోగానే మసాలా వాసన, పెద్ద మంట మీద కళాయి చప్పుడు. రెస్టారెంటు. రెండో అంతస్తులో రిసెప్షన్, చక్రాల పెట్టెలు లాక్కుంటూ అతిథులు. మూడో అంతస్తులో బ్యాంక్వెట్ హాలు, ఎవరిదో నిశ్చితార్థానికి గుడ్డల పందిరి కడుతున్నారు. నాలుగు నుంచి ఇళ్ళు. మీకు చూపించే ఫ్లాటు ఆరో అంతస్తులో. బాల్కనీలోంచి దూరంగా కొలిమి పొగ, అటుపక్క దల్మా కొండల నీలం గీత. ఫ్లాటు బాగుంది. నిజంగా బాగుంది. గాలి వస్తోంది, పూజకి వేరే గది ఉంది.

ఎదురింటి తలుపు తీసుకుని ఒక పెద్దావిడ తొంగి చూస్తుంది. మీరు తెలుగువాళ్ళని ఎలా కనిపెట్టిందో.

"ఏటి బాబూ, కొంటారా?"

"చూస్తున్నామమ్మా. ఎలా ఉంది ఇక్కడ?"

"ఇల్లు మంచిదే బాబూ. పెళ్ళిళ్ళ రోజుల్లో లిఫ్టు దొరకదు. మెట్లు దిగలేను. అంతే."

మెట్లు. వాటిని చూడలేదు కదా మీరు. ఫ్లాట్లో గదులు లెక్కపెట్టారు, కుళాయిలు తిప్పి చూశారు. మెట్లు చూడండి. లిఫ్టు పక్కన ఒకటుంది. ఇంత పెద్ద భవనానికి రెండోది ఉండాలి. కారిడార్ చివర దాని తలుపు కనిపిస్తోంది. తొయ్యండి. రాదు. భుజంతో తోస్తే రెండంగుళాలు తెరుచుకుంది. ఆ సందులోంచి చూడండి. హోటలు పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. తలుపు అవతలి వైపు గొలుసు.

మీకు ధన్‌బాద్ గుర్తొస్తుంది. ఇక్కడికి రైల్లో కొన్ని గంటల దూరం, మన రాష్ట్రమే. 2023 జనవరి 31 సాయంత్రం ఆశీర్వాద్ టవర్ అనే అపార్ట్‌మెంట్లో మంటలు లేచాయి. ఆ వేళకి ఆ భవనంలోనే ఒక ఇంట్లో పెళ్ళి హడావుడి. 14 మంది పోయారు. ఎక్కువమంది పెళ్ళికి వచ్చిన చుట్టాలే. అంతకు నాలుగున్నర నెలల ముందు, 2022 సెప్టెంబర్ 12 రాత్రి, సికింద్రాబాద్ రూబీ హోటల్లో 8 మంది. అక్కడ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి గదులు. నిప్పు అంటుకున్నది కింద. చనిపోయింది పైన.

ఇప్పుడు ఈ తలుపు ముందే నిలబడి ఆలోచించండి. రాత్రి రెండైంది. మీరీ ఫ్లాటు కొనేశారు. నిద్రపోతున్నారు.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఉక్కపోతకి మెలకువ వచ్చింది.

ఏదో వాసన. రబ్బరు కాలిన వాసన.

తలుపు తీశారు. కారిడార్ చీకటి. గొంతులు. దగ్గు.

లిఫ్టు లేదు. మెట్లు. ఐదో అంతస్తు. నాలుగు. కళ్ళు మండుతున్నాయి.

మూడు. పొగ ఎదురొస్తోంది. కింద బట్టల కొట్టు కాలుతోంది. మెట్ల దారే దానికి పొగగొట్టం.

వెనక్కి. పైకి. మీ ఆవిడ చెయ్యి.

రెండో మెట్లు. తలుపు.

గొలుసు.

ఊపిరి తీసుకోండి. పగలే ఇది. బ్రోకరు కుర్రాడు లిఫ్టు దగ్గర వాచీ చూసుకుంటున్నాడు. అరవై దాటిన జంషెడ్‌పూర్ మనిషికి ఇలాంటి ఆలోచన రావడానికి భయస్థుడే కానక్కర్లేదు. 1989 మార్చి 3, కంపెనీ సంస్థాపక దినోత్సవం వేడుకలో పందిరి అంటుకుని సుమారు 60 మంది పోయిన రోజు మీకు జ్ఞాపకమే. ఆ సాయంత్రం ఊళ్ళో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించలేదు అన్నట్టుగానే ఉంటుంది మీ తలపుల్లో.

కిందికి వచ్చి భవనం చుట్టూ తిరగండి. పక్క భవనానికీ దీనికీ మధ్య సందులో మీరు అడ్డంగా నడవాల్సి వస్తోంది. ఇరవై అడుగులుంటే ఫైరింజను వస్తుంది. జాతీయ భవన నిర్మాణ కోడ్, 15 మీటర్ల ఎత్తు దాటిన కట్టడం చుట్టూ 6 మీటర్ల వాహనం తిరిగే ఖాళీ ఉండాలంటుంది. ఇక్కడ జనరేటర్ ఉంది, గ్యాస్ సిలిండర్ల గూడు ఉంది, ఖాళీ లేదు.

ఎవరు ఒప్పుకున్నారు దీనికి? ఆ ప్రశ్న మీకు తట్టిందంటే, సాక్చి వెళ్దాం పదండి.

జేఎన్ఏసీ ఆఫీసు. జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీ. కౌంటరు ముందు నిలబడండి. ఊళ్ళో ఏ బిల్డరైనా నక్షా పట్టుకుని రావాల్సిందిక్కడికే. ఎన్ని అంతస్తులు, చుట్టూ ఎంత సెట్‌బ్యాక్, సెల్లార్ దేనికి, మెట్లెన్ని, అంతా ఆ నక్షాలో గీతలుగా ఉంటుంది. అంతస్తు పెంచితే, పార్కింగ్ మూసి కొట్లు కడితే, ఇక్కడే నోటీసు ఇవ్వాలి, ఇక్కడే సీలు వేయాలి.

ఇంకో ఊళ్ళో అయితే మీరు మీ వార్డు కౌన్సిలరు ఇంటికి వెళ్ళి తలుపు కొట్టేవారు. మీటింగులో లేవనెత్తమని పట్టుబట్టేవారు. ఇక్కడ మీకు కౌన్సిలరు లేడు. ఎప్పుడూ లేడు. 1924 నుంచి ఉన్న కమిటీ ఇది, కుర్చీలో కూర్చునేది ప్రభుత్వం నియమించిన అధికారి. నీళ్ళు, వీధి దీపాలు, మురుగు కాలవలు కంపెనీ చూసుకుంటుంది. నేల ప్రభుత్వానిది, కంపెనీకి లీజు. ఆ లీజును 2005లో 2025 డిసెంబర్ 31 వరకు పొడిగించారు. సువర్ణరేఖ వంతెన దాటి మాంగో వెళ్తే అక్కడ నగర నిగమ్ ఉంది, ఖర్కాయి అవతల ఆదిత్యపూర్‌కీ ఉంది. ఇక్కడ మాత్రం లేదు. మునిసిపాలిటీ కావాలని 1980ల చివర్లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2023 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని పారిశ్రామిక పట్టణంగా నోటిఫై చేసింది, దాని మీదా వ్యాజ్యం వేశారు.

ఈ ఊరికి ప్లాన్లకి కొదవ లేదు, అది చెప్పుకోవాలి. నీడనిచ్చే చెట్లతో వెడల్పాటి వీధులు ఉండాలని జంషెట్‌జీ టాటా 1902లోనే కొడుక్కి రాశాడు. కెన్నెడీ, టెంపుల్, స్టోక్స్, కోనిగ్స్‌బర్గర్ అని ఒకరి తర్వాత ఒకరు వచ్చి పటాలు గీశారు. ఆ వీధుల్లో నడిచి పెరిగినవాళ్ళం, వాటి విలువ తెలుసు. కానీ గీసిన పటాన్ని కాపాడాల్సిన మనిషి ఒక్కడు కూడా ఈ కౌంటరు అవతల మనం కూర్చోబెట్టినవాడు కాడు. నా దృష్టిలో పి-14 బియ్యం బస్తాల వెనక్కి పోవడానికి దారి అక్కడే పడింది.

అందుకే ఇది కోర్టు దాకా పోయింది. జంషెడ్‌పూర్‌లో నక్షాకి విరుద్ధంగా కట్టిన భవనాల మీద 2018లో జార్ఖండ్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. కోర్టు న్యాయవాదుల కమిటీని ఊళ్ళోకి పంపింది. వాళ్ళు మీలాగే ర్యాంపులు దిగారు. జేఎన్ఏసీ మనుషులు సుత్తులతో సెల్లార్లలోకి వచ్చారు, గోడలు కొట్టారు, షట్టర్లకు సీళ్ళు వేశారు. కొట్టు అద్దెకు తీసుకున్నవాడు బయట నిలబడి సరుకు బయటికి మోయించుకున్నాడు. అతనికి ఆ చోటు కార్ల కోసమని ఎవరూ చెప్పి ఉండరు. పై అంతస్తులో ఫ్లాటు కొన్నవాడికి, ఆ అంతస్తే నక్షాలో లేదని ఎవరూ చెప్పి ఉండరు. మీరు కొంటే రేపు అలా నిలబడేది మీరు.

ఫోన్ మోగుతోంది. కుర్రాడే.

"అంకుల్, ఆ పార్టీ వచ్చేస్తోంది. ఏం చెప్పమంటారు?"

చెక్కు రాసేస్తే ఈ వారమే సామాను సర్దుకోవచ్చు. పెద్దావిడ పొరుగు, పూజగది, దల్మా. గొలుసు సంగతి తర్వాత హోటలు వాళ్ళతో మాట్లాడుకోవచ్చని మనసు నచ్చజెప్పుకుంటోంది. మాట్లాడగలరా? హోటలు తెచ్చే అద్దె బిల్డరుది. మీ గొంతు ఒక్కటి.

"ఆమోదించిన నక్షా కాపీ పంపు బాబూ. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా. ఫైర్ ఎన్ఓసీ ఉంటే అదీ."

"నక్షా ఎందుకంకుల్? ఫ్లాటు చూశారు కదా."

"ఫ్లాటు చూశాను. మెట్లు కూడా చూశాను. పంపు."

అటువైపు నిశ్శబ్దం. తర్వాత, "కనుక్కుని చెప్తాను" అంటాడు. రాదు, మీకు తెలుసు.

కౌంటరు పక్కన బల్ల ఉంది, కూర్చోండి. తెల్ల కాగితం తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు హిందీలో రాయండి, రుసుము 10 రూపాయలు. హోల్డింగ్ నంబరు పైన వేయండి. ఈ భవనానికి ఎన్ని అంతస్తులకు అనుమతి ఇచ్చారు? సెల్లార్ దేనికని చూపారు? హోటలుకీ ఇళ్ళకీ విడివిడిగా మెట్లు ఉన్నాయా, ఎన్ని? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఎప్పుడిచ్చారు? ఆఖరిసారి తనిఖీ చేసిందెప్పుడు, ఏం రాశారు? ఒక్కో వరసకి ఒక్కో ప్రశ్న. ఆమోదించిన నక్షా ప్రతి కావాలని చివర్లో వేరుగా రాయండి. మూడో వ్యక్తి సమాచారమని తిప్పి పంపొచ్చు, అప్పుడు మొదటి అప్పీలు వేయాలి.

గుమాస్తా కాగితం తిరగేసి చూస్తాడు. మీ వంక చూస్తాడు. "ఫ్లాటు కొన్నారా?"

"ఇంకా లేదు."

ముద్ర వేసి రసీదు చేతిలో పెడతాడు. జవాబు ఇవ్వడానికి వాళ్ళకి 30 రోజుల గడువు. క్వార్టరు ఖాళీ చేయాల్సిన తేదీ ముందే వచ్చేలా ఉంది, కాబట్టి సోనారిలో అద్దె ఇల్లు చూడాలి. మీ ఆవిడకి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పండి. ఆ పెద్దావిడ ఇంటికి మళ్ళీ వెళ్ళి, మీరు రాసిన ప్రశ్నల కాగితం జిరాక్సు ఒకటి ఆమెకి ఇవ్వండి. అక్కడ ఉంటున్నది ఆవిడ. దరఖాస్తు పెట్టే హక్కు ఆవిడకీ ఉంది.