మనసు దెబ్బకు కాగితం

చెయ్యి విరిగితే డాక్టరు కాగితం రాసిస్తాడు. కులం తిట్టుకి మనిషి లోపల విరిగితే రాసే కాగితం మాకు చాన్నాళ్లు లేదు. కారంచేడులో మాదిగల నెత్తురు పారింది 1985 జూలై 17న. అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది 1989లో. 1995 నిబంధనలు తిట్టుకీ పరిహారం రాశాయి: 25 వేల దాకా, పావు వంతు చార్జిషీటుకి, మిగతాది శిక్ష పడ్డాకే.

1998లో మా నాయన్ని నడిబజార్లో ఒక ఆసామి కులం పేరెత్తి తిట్టాడు. "ఒంటిమీద దెబ్బేదిరా?" అన్నారు స్టేషన్లో. ఆ నిబంధనలొచ్చి అప్పటికే మూడేళ్లు. మా వాడలో ఎవరికీ తెలీదు. ఆర్నెల్లు నాయన కూలికి పోలేదు, ఎవరితో మాట్లాడలేదు. అమ్మ ఒక్కతే కూలి చేసి మమ్మల్ని సాకింది. గాలి సోకిందన్నారు వాడోళ్లు.

2016 జనవరి 26న అమల్లోకొచ్చిన సవరణ, బాధితుడంటే ఒంటికే కాదు, మనసుకి హాని జరిగినవాడు కూడా అని చెప్పింది. ఆ ఏప్రిల్లో తిట్టుకి పరిహారం లక్షయింది. అందులో పావు వంతు ఎఫ్ఐఆర్‌కే ఇవ్వాలి. అయినా ఆ లక్ష నేరానికి కట్టిన రేటు. మనిషి ఎంత కుంగాడో రాసే గడి ఆ పట్టికలో లేదు.

అందుకే ఫిర్యాదులో తిట్టిన మాట ఒక్కటే రాసి ఆపొద్దు. పోయిన కూలి, మానేసిన బడి, వణికిన చేతులు అన్నీ తేదీలతో రాయండి. మనం అక్షరం నేర్చింది ఇందుక్కూడా.