నేల క్రింది గది

కర్నూలు పాతపేటలో మా బంధువుల కొక మిద్దెయిల్లు కలదు. దాని నడిమింటి క్రింద తాతలనాటి పాతర యొకటి యున్నది. దానిని వెడల్పు చేసి, చుట్టును రాతిగోడ కట్టించి, పైన కడపబండలు పఱపించి, నేలమాళిగగా మార్పవలెనని యింటి యజమానుని కోరిక. ఎండకాలమున చల్లగా నుండును, పిల్లల చదువునకు గది దొరకునని యాయన యూహ. మేస్త్రీ వచ్చి చూచి, “అయ్యా, నెల దినములలో ముగించెదను. పని మొత్తము గుత్తకిండు” అనెను. ఇంటి యిల్లాలు మాత్రము, “ఏటినీరు మరల వచ్చినచో నేమగును?” అని యడిగెను. చరిత్ర చదివినవాడవు గదా, నీవేమందువని నన్ను పిలిపించిరి. వారికి నేను చెప్పిన మాటలనే నేడు శ్రోతలకును విన్నవించుచున్నాను.

నేల క్రింద చోటు చేసికొనుట సీమవారికి క్రొత్త కాదు. వానలను నమ్మరాని యీ జిల్లాలలో ఒక యేటి పంట మఱుసటి యేటికిని మిగిలిననే గాని కుటుంబము నిలువదు. గండికోట దుర్గములో ప్రభువులు ధాన్యమునకై రాతితో గొప్ప కొట్టు కట్టించుకొనిరి. అది నేటికిని నిలిచియున్నది. రైతున కంతటి శక్తి యెక్కడిది? అతడు ఇంటిలోనో వాకిటనో నేలను త్రవ్వి జొన్నలను పాతర వేసెను. మూతి ఒక మనిషి దిగునంత యిఱుకు, లోపల కడవవలె విశాలము. అడుగునను ప్రక్కలను ఎండుగడ్డి దట్టముగా పఱచి, గింజలు పోసి, మూతిపై బండ నుంచి, మన్ను కప్పెడివారు. మూసిన గోతిలో గింజలే యూపిరి తీసికొని లోపలి ప్రాణవాయువును హరించును. అందుచే పురుగు బ్రదుకదు. ఆ కారణముననే పాతర తెఱచిన వెంటనే దిగరాదు. మూత తీసి చాలసేపు గాలి యాడనిచ్చి, దీపమును దింపి, అది యారకుండుట చూచి, పిమ్మట మనిషి దిగవలెను.

ఇందొక సంగతి గమనింపదగినది. గాలి చొరకుండుటయే పాతరకు గుణము. మనుష్యులు వసించు గదికి అదియే దోషము. కావున పాతరను వెడల్పు చేసినంతమాత్రమున గది కాదు. గాలి వచ్చుటకొక త్రోవ, పోవుటకొక త్రోవ, మనిషి సులభముగా పైకి రాగల మెట్లు ముందుగా నేర్పడవలెను.

ఇక నేల సంగతి. మన జిల్లాలలో అనేక తావుల నున్నది నల్లరేగడి. అది తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు నెఱ్ఱెలు వాఱును. నేలలోని గోడను ఏటేట ఒక ఋతువున నెట్టును, మఱియొక ఋతువున విడుచును. మఱికొన్ని తావుల నాపరాతి పొరలు కలవు. అవి సున్నపురాతి జాతివి. నీరు వానిని యుగయుగములుగా కరగించి బోలు చేయగలదు. ఇందుకు కొలిమిగుండ్ల సమీపమున నున్న బెలుం గుహలే సాక్ష్యము. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వానిని గుర్తించెను. తరువాత 1982, 1983 సంవత్సరములలో హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ నాయకత్వమున జర్మను బృందము పరిశోధింపగా, ఆ గుహలు మూడువేల మీటర్లకు పైబడి యున్నట్లు తేలెను. పైనుండి చూచినచో అది ఒట్టి పొలము. క్రింద ప్రకృతి త్రవ్విన నేలమాళిగ. కావున బేరము కుదుర్చుకొనుటకు ముందే ఒక చిన్న గుంట త్రవ్వించి, అడుగున ఏమున్నదో చూచుట వివేకము.

త్రవ్వుటకు ముందు ఆలోచింపుడని మన పూర్వులు రాతిమీదనే వ్రాయించిరి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనము శకవర్షము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు ఆ చెరువును నిర్మింపజేసెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు పనిచేయగా రెండేండ్లలో అది పూర్తియయ్యెనని శాసనము చెప్పుచున్నది. అంతకంటె విలువైనది అందలి పట్టిక. మంచి చెరువునకు పండ్రెండు అంగములు కావలెననియు, ఆఱు దోషములు ఉండరాదనియు అందు చెప్పబడినది.

అంగములలో మొదటిది ధర్మబుద్ధియు ధనమును గల ప్రభువు. రెండవది జలశాస్త్రము తెలిసిన పండితుడు. కడపటిది కట్టడపు పనిలో నేర్పరులైన మనుష్యుల గుంపు. అనగా కట్టించువాడు, తెలిసి చెప్పువాడు, కట్టువాడు, ఈ మువ్వురును వేర్వేఱు. మనము సొంతయింటి పనికి వచ్చునప్పటికి రెండవవానిని మఱతుము. త్రవ్వువానినే ఎంత త్రవ్వవలెనని యడుగుదుము. దోషములలో కట్టనుండి నీరు ఊరుట యొకటి, చవిటినేల యొకటి. రెండు రాజ్యముల పొలిమేరలో నుండుటయు దోషమే. ఈ మూడవదానిని చదివినప్పుడు నాకు పేటలోని ఉమ్మడిగోడ జ్ఞాపకము వచ్చినది. మన పునాది ప్రక్కనే పొరుగువాని పునాది యున్నది. అతని గోడ క్రుంగినచో ఆ తగవు తరములు నిలుచును.

గుత్తలలోని మంచిచెడ్డలు కూడ మన చరిత్రలోనే కలవు. చెరువులు, బావులు త్రవ్వు వడ్డెరలకు మట్టిపని కొలతమీద కూలి ముట్టెడిది. త్రవ్విన గోతి నడుమ కొన్ని మట్టిదిమ్మెలను ముట్టక విడిచెడివారు. ఆ దిమ్మె యెత్తే త్రవ్విన లోతునకు సాక్షి. కొలత ముగిసి, లెక్క తేలిన పిమ్మటనే దానిని తొలగించెడివారు. ఇరువురి కంటికిని కనబడు కొలత యున్నచోట ఒకరిమాట నొకరు శంకింప పనిలేదు.

దీనికి భిన్నమైన గుత్త కర్నూలు–కడప కాలువది. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, అచటినుండి కడప వఱకు సుమారు 190 మైళ్లు కాలువ త్రవ్వుట మద్రాసు ఇరిగేషన్ కంపెనీకి అప్పగింపబడెను. దానికి ప్రోత్సాహకుడు సర్ ఆర్థర్ కాటన్. పని 1863లో నారంభమయ్యెను. కంపెనీవారి పది లక్షల పౌనుల మూలధనముపై నూటికైదు వంతున వడ్డీ వచ్చునట్లు ప్రభుత్వము పూచీపడెను. కాలువ ఫలించినను ఫలింపకున్నను వడ్డీ తప్పదు. ఖర్చు అంచనాను మించెను. నల్లరేగడి రైతులు కాలువనీటికి తొందరపడి ముందుకు రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చెను. ఆ కాలువ నేటికిని పొలములను తడుపుచున్నది. కావున పని వ్యర్థమని యనను. పని ఫలముతో సంబంధము లేక సొమ్ము ముట్టు ఒడంబడికయే వ్యర్థము. మేస్త్రీకి మొత్తము సొమ్ము ముందుగా నిచ్చుటయు నట్టిదే.

ఇక ఆ యిల్లాలి ప్రశ్న. కర్నూలు తుంగభద్రా హంద్రీ నదుల సంగమమున వెలసిన నగరము. 2009 అక్టోబరు 2వ తేదీన ఆ నదులు పొంగి నగరమును ముంచెను. ఆ వఱదలో శ్రీశైలము జలాశయమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చెను. వేలకొలది కుటుంబములు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనెను. నేలమీది గదులే మునిగినచోట నేల క్రింది గది మాట చెప్పనేల? మా బంధువుల యింటి గోడమీద ఆనాటి నీటిగుఱుతు నా నిలువెత్తున కంటె పైన నేటికిని కనబడుచున్నది. పిల్లల చదువునకని తలచిన గది కచ్చితముగా దాని క్రిందనే యున్నది.

ఆ గుఱుతును చూపి, నేనింకేమియు చెప్పలేదు. యజమానుడు కొంతసేపు మౌనముగా నుండి, పాతరను గట్టి గరుసుతో పూడ్పించి బండ వేయింతుననెను. పిల్లల గదిని మిద్దెమీద కట్టుటకు నిశ్చయమైనది. అందుకును గోడలు బరువు మోయునో లేదో ఒక ఇంజనీరు చూచిన తరువాతనే మేస్త్రీతో మాట్లాడుదురు. మేస్త్రీయు చిన్నబుచ్చుకొనలేదు; క్రింది పని పోయినను పైపని దొరకినది.

ఎత్తైన చోట, గట్టినేలపై ఇండ్లున్నవారు నేలమాళిగ కట్టించుకొనరాదని నా యభిప్రాయము కాదు. అట్టివారు తెలిసినవానిచే పటము వ్రాయించుకొనవలెను. లోతు, గోడ మందము, నీరు పోవు త్రోవ, గాలి త్రోవ ఒడంబడికలో వ్రాయించుకొనవలెను. సొమ్మును పని కొలతనుబట్టి విడతలుగా నీయవలెను. పొరుగువానికి ముందుగా చెప్పవలెను. గడువును తొలకరికి ముందే పెట్టుకొనవలెను. వీని యన్నిటికంటె ముందు, ఆ యిల్లాలివలె నీటిమాట అడుగవలెను. పోరుమామిళ్ల శాసనము నాటినుండి నేటివఱకు మన నేలపై తొలిప్రశ్న యదియే.