చిరుత, చీతా, సివంగి

పెనుకొండ కొండల్లో చిరుత కనిపించిందన్న వార్త దినపత్రికల జిల్లా పేజీల్లో వస్తే అది ఏ జంతువో మనకు సందేహం రాదు. కానీ నూటయాభై ఏళ్ళ నాటి పాత రాతలో ఇటువంటి మాటే ఎదురైతే ఆగి ఆలోచించవలసిందే. ఎందుకంటే ఆనాడు మన సీమలో ఒంటినిండా మచ్చలున్న పెద్ద వేట మృగాలు రెండు: చిరుతపులి, చీతా.

చిరుత అంటే చిన్నది. పెద్దపులి కన్నా చిన్నది గనుక చిరుతపులి. చీతా అన్నది సంస్కృత 'చిత్రక' శబ్దం నుండి హిందీ మీదుగా వచ్చిన మాట. మచ్చలు గలది అని భావం. వినడానికి దగ్గరగా ఉన్నా ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు. దక్షిణాదిన ఉద్యోగాలు చేసిన ఆంగ్లేయులు చాలామంది చిరుతపులినే చీతా అని రాయడంతో చిక్కు మరింత పెరిగింది.

మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డన్ 1867లో భారతదేశపు క్షీరదాల మీద వెలువరించిన గ్రంథంలో చీతాకు తెలుగు పేరు చీతాపులి అనీ, కన్నడ పేర్లు చిర్చ, సివంగి అనీ నమోదు చేశాడు. కన్నడ సీమను ఆనుకుని ఉన్న హిందూపురం వారికి ఈ సివంగి పరాయి మాట కాదు. కానీ నేటి తెలుగులో సివంగి అంటే ఆడసింహం, లేదా తెగువ గల ఆడది. జంతువు పోయింది, పేరు మాత్రం మన సీమలో లేని మరొక జంతువును వెదుక్కుంది.

మనిషి కంటితో చూసినప్పుడు ఈ రెండింటినీ గుర్తించడం కష్టం కాదు. చిరుతపులి మచ్చలు పువ్వుల్లా గుంపులు కట్టి ఉంటాయి. చీతావి విడివిడి నల్లని చుక్కలు. చీతా కంటి కొన నుండి నోటి దాకా నల్లని కన్నీటి చార ఉంటుంది. చిరుతపులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది గనుక అడుగులో వాటి గుర్తు పడదు. చీతా అడుగులో పడుతుంది. అయితే తోడేలు అడుగులోనూ గోళ్ళు కనిపిస్తాయి, కనుక అదొక్కటే చాలదు. నేల కూడా చెబుతుంది: పెనుకొండ వంటి బండరాళ్ళ గుట్టలు చిరుతపులివి; హిందూపురం, ధర్మవరం చుట్టూ ఉన్నటువంటి బయలు మెట్టలు, జింకలు తిరిగే చోట్లు చీతాకు ఇష్టమైనవి. నేల ఒక్కటే రుజువు కాదు గాని, ప్రశ్న అక్కడి నుండే మొదలు పెట్టాలి.

ఇది ఊరికే మాటల పట్టింపు కాదు. కొరియా సంస్థానంలో మూడు చీతాలను కాల్చి చంపింది 1947లో. పొరుగున ఉన్న చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందని కిర్క్‌పాట్రిక్ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాసింది 1952లో. దేశంలో చీతా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించిందీ ఆ ఏడాదే. మన వాకిట నుండి ఒక మృగం ఇలా వెళ్ళిపోతే మనం గమనించకపోవడానికి పేరు కూడా ఒక కారణం అనిపిస్తుంది. చిరుత ఎప్పుడూ వార్తల్లో ఉంది కదా, పోయిందెవరు?

2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి ఎనిమిది చీతాలు మధ్యప్రదేశ్ లోని కునోకు వచ్చినప్పుడు కూడా కొన్ని తెలుగు పత్రికలు వాటిని చిరుతలనే రాశాయి. పాత కైఫీయతులు, వేట జ్ఞాపకాలు చదివే మిత్రులు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలని నా మనవి. మచ్చలెలా ఉన్నాయి, ముఖాన చార ఉందా, అది గుట్టా బయలా అని అడిగితే, పోయిన మృగపు జాడ ఒకటి రెండు చోట్లనైనా దొరకవచ్చు.