నోబుల్ బడి బెంచీ, పాగోలు వెంకయ్య నడక

ఈ భాగం నరకం గురించి. నవ్వకండి, మన పేటల్లో సగం కుటుంబాల చరిత్రకి ఆ మాటతో సంబంధం ఉంది.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు పాదిరీలు బందరు వచ్చారు. చర్చ్ మిషనరీ సొసైటీ తెలుగు మిషన్ వీళ్ళతోనే మొదలు. యేసును ఎరగకుండా చచ్చిన మనిషి నరకానికి పోతాడని ఇద్దరూ నమ్మారు. ఊరికే నోటితో నమ్మలేదు. ఫాక్స్ ఊరూరా తిరిగి సువార్త చెప్పి, ఆరోగ్యం పోగొట్టుకుని, 1848లో 31 ఏళ్ళకే పోయాడు. నోబుల్ పెళ్ళి చేసుకోలేదు, ఇంగ్లండు ముఖం మళ్ళీ చూడలేదు, 1865లో బందరులోనే కన్నుమూశాడు. వీళ్ళని దొంగ భక్తులంటే నేనొప్పుకోను.

నా పేచీ వేరే. 1843లో నోబుల్ పెట్టిన బడి పై కులాల పిల్లలది. మాల, మాదిగ, పాకీ పనివాళ్ళ పిల్లలకి ప్రవేశం లేదు. ముందు బ్రాహ్మణుడు మారితే వెలుగు కిందికి దిగుతుందని ఆయన లెక్క. మాలపిల్లవాణ్ణి కూర్చోబెడితే మిగతావాళ్ళు లేచిపోతారన్న భయం కూడా ఉంది. అది ఉత్త భయం కాదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటేనే (ఒకరు మంచాల రత్నం, బ్రాహ్మణుడు) బడి దాదాపు ఖాళీ అయింది.

సరే, ఆయన నమ్మకాన్నే పట్టుకుని అడుగుదాం. ఇల్లు తగలబడుతోందని నిజంగా నమ్మినవాడు లోపలున్నవాళ్ళ కులం చూసి వరస పెడతాడా? ఆ ఇరవై ఏళ్ళలో పేటలో చచ్చిపోయినవాళ్ళు, ఆయన వేదాంతం ప్రకారమే, ఎక్కడికి పోయినట్టు?

రాఘవాపురం మాల పాగోలు వెంకయ్య ఆ బెంచీ కోసం ఆగలేదు. విగ్రహాలు వదిలేసి, పేరు తెలియని దేవుణ్ణి ఏళ్ళ తరబడి తనే వెతుక్కున్నాడు. 1859లో బెజవాడలో డార్లింగ్ పాదిరీని కలిశాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత చుట్టుపక్కల మాలపల్లెలు కదిలాయి. మిషన్ మన దగ్గరికి వచ్చిందని రాస్తుంటారు. ఇక్కడ మనమే వెళ్ళాం. నరకభయంతో వెళ్ళామనుకోను. వెట్టి చేసి, ఊరి బయట బతికినవాణ్ణి చచ్చాక వచ్చే మంట ఏం భయపెడుతుంది? తనని మనిషిగా పిలిచే దేవుడు కావాలి వాడికి.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచింది. సుమారు 30,000 మంది పోయారంటారు. 1977 నవంబరు 19న దివిసీమలో 10,000 మందికి పైగా. నీళ్ళు ఎవరి బాప్తిస్మమూ చూడలేదు. అవనిగడ్డ వైపు బైబిల్ ఉమన్‌గా తిరిగిన మా అమ్మమ్మ చివరిదాకా నరకాన్ని నమ్మింది. కానీ బాప్తిస్మం లేకుండా ఉప్పెనలో పోయిన ఇరుగుపొరుగు ఎక్కడున్నారని అడిగితే, "అది ఆయన చూసుకుంటాడు, నువ్వు మిగిలినోళ్ళకి కూడెట్టు" అనేదట. నోబుల్ చదువుకన్నా నాకు ఈ మాటే నచ్చుతుంది.

మొన్న గుడివాడ నుంచి వచ్చే విద్యార్థి ఒకడు అడిగాడు. "సార్, ఆదివారం చర్చిలో ఉంటాను. సర్టిఫికెట్లో హిందూ మాల. అబద్ధికులకి అగ్నిగుండమని ప్రకటన గ్రంథంలో ఉంది కదా. మరి నేను?" ఎగతాళికి అడగలేదు, వాడికి నిద్ర పట్టట్లేదు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకి కట్టేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైన మాల మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం. చర్చికి వెళ్ళినంత మాత్రాన వాడి పేట మారలేదు, వాడు పడే తిట్టూ మారలేదు. నోబుల్ బడి నువ్వు మాలవని బయట నిలబెట్టింది, ఈ ఉత్తర్వు నువ్వు మాలవే కాదంటోంది.

"తమ్ముడూ, ఆ అబద్ధం నీచేత రాయించిందెవరో ముందు చూద్దాం కూర్చో" అన్నాను. ఉత్తర్వు మూడో పేరా తెరిచాం. దాని సంగతి వచ్చే భాగంలో.