పాస్‌వర్డు కథ

కంప్యూటరును ఒక పర్యాయం ఒక్కరే ఉపయోగించిన రోజులలో దానిలోని సమాచారానికి ప్రత్యేకమైన రక్షణ అవసరం లేకపోయింది. యంత్రం ఉన్న గదికి తాళం వేస్తే సరిపోయేది. పని పూర్తి అయినవారు తమ కార్డులను, కాగితాలను వెంట తీసుకొని వెళ్ళేవారు. పలువురు ఏకకాలంలో ఒకే యంత్రాన్ని వాడటం మొదలైన తరువాతనే, ఏది ఎవరిదో యంత్రం గుర్తించవలసి వచ్చింది.

అమెరికాలోని ఎం.ఐ.టి. అనే సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో, ఆయన సహచరులు 1961 నవంబరులో ఇట్టి విధానాన్ని ప్రదర్శించి చూపారు. యంత్రకాలాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజించి పలువురికి పంచటం దీనిలోని సూత్రం. ఎవరి ఫైళ్ళు వారికే అందేటందుకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు ఏర్పరచారు. అయితే అందరి పాస్‌వర్డులూ ఒకే ఫైలులో, ఉన్నవి ఉన్నట్లుగా వ్రాసి ఉండేవి.

దీని ఫలితం త్వరలోనే కనిపించింది. అక్కడ పరిశోధన చేస్తున్న ఆలన్ షేర్‌కు కేటాయించిన యంత్రకాలం చాలలేదు. 1962లో ఆయన, పాస్‌వర్డుల ఫైలును అచ్చువేయమని కోరుతూ ఒక కార్డు యంత్రానికి అందించాడు. యంత్రం ఆ ఫైలును అచ్చువేసి ఇచ్చింది! ఇతరుల పాస్‌వర్డులతో ఆయన తన పని సాగించుకొన్నాడు.

మరొక సంఘటన కూడ జరిగింది. లోనికి ప్రవేశించేవారందరికీ ఆ నాటి ప్రకటన ఒకటి కనిపించే ఏర్పాటు ఉండేది. నిర్వాహకులలో ఒకరు ఆ ప్రకటనను, మరొకరు పాస్‌వర్డుల ఫైలును ఒకే సమయంలో సవరిస్తున్నారు. సవరణకు వాడే తాత్కాలిక ఫైళ్ళు రెండింటికీ పేరు ఒకటే కావటంవల్ల అవి తారుమారయినవి. ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ అందరి ఎదుటా అచ్చయినవి. ఇందులో దొంగ ఎవరూ లేరు. ఒక చిన్న పొరపాటే చాలింది.

రహస్యాన్ని ఎంత భద్రంగా దాచినా, దాచినది ఏనాడో ఒకనాడు బయటపడవచ్చు. అందుచేత అసలు దాచకుండానే పని జరుపుకొనే ఉపాయం ఏదైనా ఉన్నదా? ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రోజర్ నీధం ఇట్టి ఉపాయాన్ని కనిపెట్టాడు. మారిస్ విల్క్స్ 1968లో ప్రచురించిన తన గ్రంథంలో దీనిని వివరించాడు.

ఆ ఉపాయాన్ని తిరగలితో పోల్చవచ్చు. బియ్యాన్ని పిండి చేయటం సులభం. పిండినుంచి తిరిగి బియ్యపుగింజలను తీయటం అసాధ్యం. అట్లే పాస్‌వర్డును ఒక గణితప్రక్రియకు లోను చేసి, దాని ఫలితాన్ని మాత్రమే యంత్రం భద్రపరుస్తుంది. మరునాడు మనం పాస్‌వర్డు చెప్పినప్పుడు దానినీ అదేవిధంగా మార్చి, రెండు ఫలితాలనూ పోల్చుతుంది. అవి సరిపోతే ద్వారం తెరుచుకొంటుంది. ఫైలు దొంగ చేతికి చిక్కినా వానికి దొరికేది పిండి మాత్రమే.

అయినా దొంగకు ఇంకొక మార్గం మిగిలి ఉన్నది. నిఘంటువులోని ప్రతి పదాన్నీ తానే ఈ ప్రక్రియకు లోను చేసి, ఏది సరిపోతుందో చూడవచ్చు. బెల్ ప్రయోగశాలలకు చెందిన రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ 1979లో ఈ సమస్యను వివరించారు. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 15 ఒకే ఒక అక్షరం కలవి, 72 రెండక్షరాలవి, 464 మూడక్షరాలవి. మొత్తంమీద 2,831, అంటే నూటికి 86 వంతున, సులభంగా ఊహింపదగినవే. ఇందుకు వారు రెండు మార్గాలు అవలంబించారు. మొదటిది, ప్రక్రియను కావాలనే నెమ్మదిగా జరిగేటట్లు చేయటం. రెండవది, ఒక్కొక్క పాస్‌వర్డుకు యాదృచ్ఛికమైన సంఖ్యను జోడించి మార్చటం. దీనికి వారు ‘ఉప్పు’ అని పేరు పెట్టారు. ఉప్పు 4,096 రకాలుగా ఉండటంచేత, నిఘంటువు నంతటినీ ముందే మార్చి ఉంచుకోదలచిన దొంగకు శ్రమ అన్ని రెట్లు పెరిగింది.

యంత్రం ఎంత మెరుగుపడినా మనుష్యుల అలవాటు మారలేదు. 1988 నవంబరులో, ఆ రాబర్ట్ మారిస్ కుమారుడే వ్రాసిన ఒక ప్రోగ్రాము వేలకొలది కంప్యూటర్లలో వ్యాపించింది. అది అవలంబించిన మార్గాలలో పాస్‌వర్డులను ఊహించటం ఒకటి. అందుకోసం అది 432 పదాల పట్టికను తనవెంట తీసుకొని పోయింది.

ఈ చరిత్ర నేటి నిత్యజీవితానికి కూడ పనికివస్తుంది. ‘పాస్‌వర్డు మరచిపోయాను’ అన్నప్పుడు మంచి సంస్థ కొత్తది ఏర్పరచుకొమ్మంటుంది. పాతదానిని అది తెలుపలేదు, దానికే తెలియదు. పాతదానినే తిరిగి పంపించినదంటే, మన రహస్యాన్ని తిరిగి చదువదగిన రూపంలో ఎక్కడనో ఉంచుకొన్నదన్నమాట. అట్టి సంస్థనుంచి ఫైలు బయటపడితే, అదే పాస్‌వర్డు వాడిన బ్యాంకు ఖాతా, ఉత్తరాల ఖాతా కూడ ప్రమాదంలో పడతాయి. కనుక ఒక్కొక్కచోట ఒక్కొక్క పాస్‌వర్డు ఉండటం మేలు. అది పొడుగైనదిగా, పేరూ పుట్టినతేదీ కానిదిగా ఉండాలి. ఫోనుకు వచ్చే ఓ.టి.పి.ని ఎవరు అడిగినా చెప్పరాదు. మన పాస్‌వర్డును యంత్రమే తనవద్ద ఉంచుకోనప్పుడు, ఫోనులో మాట్లాడే అపరిచితునికి దానితో అవసరమేమి?